కోల్డ్ కాఫీలో ప్రొటీన్ పౌడర్: ఉండలు కట్టకుండా, నీళ్ళయిపోకుండా

తమ్ముడూ, నువ్వు అడిగినవి నాలుగు. వేడి ఫిల్టర్ డికాక్షన్‌లో ప్రొటీన్ పౌడర్ వేస్తే విరిగిన పాలలాగా ముద్దలు ఎందుకు కడుతోంది? ఐస్ వేస్తే అంతా నీళ్ళ కాఫీ అవుతోంది, ఏం చెయ్యాలి? డబ్బా అయిపోయిన నెలాఖరులో ఇంట్లో ఉన్నవాటితో చేసుకోవచ్చా? రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు వేసుకుంటున్న మీ అమ్మ కూడా తాగొచ్చా? వయసు 24, బరువు 62 కిలోలు, జిమ్ము సాయంత్రం ఏడింటికి అని కూడా రాశావు. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

నేను అనంతపురంలో పదకొండేళ్ళు కాఫీ కొట్టు పెట్టుకుని బతికాను. మెట్లెక్కితే పైన జిమ్ము. చెమటతో దిగిన పిల్లకాయలు ప్రొటీన్ పొడి వేసిన షేకర్ సీసా చాచి "అన్నా, ఇందులో అర గ్లాసు కాఫీ పొయ్యి" అనేవాళ్ళు. నాకేం తెలుసు, పొగలు కక్కే కాఫీ పోశాను. వాడు మూత బిగించి నాలుగు ఊపులు ఊపాడు. మూత ఎగిరి, కాఫీ అంతా వాడి చొక్కా మీద, నా బోర్డు మీద. లోపల మిగిలింది చూస్తే కోడిగుడ్డు పొరటు. మూసిన సీసాలో వేడిది ఊపితే లోపల గాలి, ఆవిరి ఉబ్బి మూతను తంతాయని ఆ రోజు తెలిసింది. మిక్సీ జార్ అయినా అంతే. ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో, మిగతావి తప్పినా నష్టం లేదు, ఇది తప్పితే మొహం కాలుతుంది.

ఇక ముద్దల సంగతి. నీ డబ్బాలో ఉన్నది వే ప్రొటీన్. పాలు విరగ్గొట్టి పన్నీరు తీశాక మిగిలే పల్చటి నీళ్ళలో ఉండే ప్రొటీన్‌ను వేరు చేసి ఆరబెడితే వచ్చే పొడి అది. సుమారు 70 డిగ్రీల వేడి తగిలితే చుట్ట చుట్టుకుని ఉన్న ఆ ప్రొటీన్ విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటుంది. గుడ్డులో తెల్లసొన గట్టిపడేది కూడా ఈ పద్ధతిలోనే. ఫిల్టర్‌లో పోసేది మరిగిన నీళ్ళు, అప్పుడే దిగిన డికాక్షన్‌లో ఆ వేడి ఇంకా ఉంటుంది. అందులో స్కూపు, అంటే డబ్బాలో వచ్చే కొలత చెంచాడు పౌడర్, వేస్తే జరిగేది పొరటే. అయితే జిమ్ముల్లో చెప్పే "వేడి తగిలితే ప్రొటీన్ చచ్చిపోతుంది" అన్న మాట నమ్మొద్దు. ఉడికించిన గుడ్డులో ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు కదా. నువ్వు పారబోసిన ముద్దల కాఫీ నోటికి బాగోదంతే, ఒంటికి పట్టేదే. పాపం, వంద రూపాయల సరుకు సింకులో పోశావు.

ఇంకో రకం ఉండలు కూడా ఉంటాయి, వాటికి వేడితో పని లేదు. షేకర్ అడుగున ముందు పొడి వేసి పైన పాలు పోస్తే, పొడి పైపొర తడిసి బంకలా మూసుకుంటుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. సంగటికి ఎసట్లో రాగిపిండి ఒకేసారి గుమ్మరిస్తే ఏమవుతుందో మీ అమ్మనడుగు. కాబట్టి ముందు పాలు, తర్వాత పొడి. ఎప్పుడూ ఇదే వరస.

పదకొండేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. ఈ గ్లాసులోకి పోయేవాటిలో కొన్నిటికి వేడి కావాలి, కొన్నిటికి వేడి పడదు. చక్కెర, బెల్లం, ఇన్‌స్టంట్ కాఫీ పొడి చల్లటి పాలలో సరిగా కరగవు, అవి డికాక్షన్ వేడిగా ఉన్నప్పుడే పడాలి. ప్రొటీన్ మాత్రం అంతా చల్లబడ్డాకే రావాలి. రెంటికీ మధ్య ఒక రాత్రి ఫ్రిజ్ ఉంటే ఇద్దరికీ పేచీ ఉండదు. పొద్దున లేచి డికాక్షన్ తీసి, వెంటనే కోల్డ్ కాఫీ చేసుకుందామన్న తొందరలోనే సగం మంది చెడగొట్టుకుంటారు.

రాత్రి అన్నం తిన్నాక ఫిల్టర్ పెట్టు. పై గిన్నెలో నిండుగా మూడు చెంచాల కాఫీ పొడి, అంటే ఇరవై గ్రాములు. బిళ్ళతో మెల్లగా అదుము, గట్టిగా నొక్కితే డికాక్షన్ దిగదు. మరిగిన నీళ్ళు 150 మిల్లీలీటర్లు పొయ్యి. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్ళు తాగేస్తుంది కాబట్టి కిందికి 110 దాకా దిగుతుంది. అది రెండు గ్లాసులకు సరిపోతుంది. చక్కెర వేసుకునేవాడివైతే దిగిన వెంటనే కలుపు. ఒక మాట, చల్లటిదానిలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది, వాసన కూడా తక్కువే. వేడి కాఫీకి సరిపోయే డికాక్షన్ కోల్డ్ కాఫీకి చప్పగా ఉంటుంది. అందుకే ఇంత చిక్కగా తీయమంటున్నా. తీపి తక్కువైందని చక్కెర పెంచుకుంటూ పోవద్దు, ఫ్లేవర్ ఉన్న పౌడర్‌లో ఎలాగూ తీపి ఉంటుంది. నేనైతే ఫ్లేవర్ పౌడర్‌కు చక్కెర అసలు వెయ్యను.

చల్లార్చడం గురించి. కోనసీమవాళ్ళు "బల్ల మీద పెట్టండి, చల్లారిపోతుంది" అని చెప్పొచ్చు. మనకు ఏప్రిల్, మే నెలల్లో బయటే 40కి అటూ ఇటూగా ఉంటుంది, బల్ల మీద పెట్టింది అర్ధరాత్రికి కూడా గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పు గిన్నెలో కుండనీళ్ళు పోసి, డికాక్షన్ గిన్నెను అందులో దించి పది నిమిషాలు ఉంచు. తర్వాత మూత ఉన్న గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. రెండు రోజుల్లో వాడెయ్యి. మధ్యలో నాలుగైదు గంటలు కరెంటు పోయిందంటే మూత తీసి వాసన చూడు, పులిసిన వాసన ఉంటే మొక్కలకు పొయ్యి.

నీళ్ళు కూడా చూసుకో. మన బోరు నీళ్ళు చాలా చోట్ల గట్టి నీళ్ళు, ఫ్లోరైడ్ బెడద కూడా ఉన్న జిల్లా ఇది. ఆ నీళ్ళతో డికాక్షన్ తీస్తే మొద్దు చేదు వస్తుంది. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్ళే కాఫీకీ, ఐసుకూ వాడు.

కాఫీ పొడిలో కలిపే చికోరీ, అంటే వేయించిన ఒక రకం వేరు పొడి, ఎంత అని చాలామంది అడగరు. మన ఆహార భద్రత సంస్థ నియమం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే 49 దాకా చికోరీ ఉన్న ప్యాకెట్ కూడా చట్టప్రకారం సరైనదే. చికోరీ వల్ల రంగు, చిక్కదనం వస్తాయి, కెఫీన్ మాత్రం రాదు. వేడి కాఫీకి 70-30 నాకు ఇష్టం. చల్లదానికి 80-20 మేలు, చికోరీ ఎక్కువైతే చల్లబడ్డాక కాలిన బెల్లం రుచి పైకి తేలుతుంది. బరువు తూచి, కళ్ళ ముందే మరపట్టి ఇచ్చే కాఫీ కొట్టు ఉంటే నీకు కావలసిన పాళ్ళలో కలిపిస్తారు. ప్యాకెట్ కొంటే వెనక సన్న అక్షరాలు చదువు.

ఫిల్టర్ లేనివాళ్ళకు ఇన్‌స్టంట్ చాలు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండు చిన్న చెంచాల పొడిని మూడు చెంచాల వేడి నీళ్ళలో కరిగించి, నాలుగు చెంచాల చల్లటి నీళ్ళతో చల్లబరిస్తే డికాక్షన్ పని చేస్తుంది. చల్లటి పాలలో నేరుగా చల్లితే గోధుమ రంగు చుక్కలు తేలుతూ ఉంటాయి, పళ్ళకు అంటుకుంటాయి.

ఇప్పుడు ఐస్. ఇంటి ట్రేలో ఒక ముక్క ఇరవై, ఇరవై అయిదు మిల్లీలీటర్లు. అయిదు ముక్కలు కరిగితే వంద మిల్లీలీటర్ల పైన నీళ్ళు. 250 కాఫీలో అంత నీళ్ళు కలిస్తే నీళ్ళ కాఫీ కాక ఇంకేమవుతుంది? దీనికి మందు సులువు. ఆదివారం కాస్త ఎక్కువ డికాక్షన్ తీసి, దానికి సమానంగా కాచి చల్లార్చిన పాలు కలిపి ఐస్ ట్రేలో పోసి పెట్టు. ఆ ముక్కలు కరిగే కొద్దీ కాఫీ ఇంకా రుచిగా అవుతుంది. కొట్టులో నేను దీన్ని మొదలుపెట్టాక, మధ్యాహ్నం గ్లాసు ముందు పెట్టుకుని గంట కబుర్లు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు, అది నాకు నష్టమే అనుకో. బయట గోనె సంచిలో చుట్టి అమ్మే ఐస్ గడ్డ మాత్రం ఇంటికి తేవద్దు. అది చేపలు, సీసాలు చల్లబరచడానికి, లోపలికి పోసుకోవడానికి కాదు.

కలిపే పని రెండు నిమిషాలు. షేకర్‌లో 200 మిల్లీలీటర్ల చల్లటి పాలు, పైన ఒక స్కూపు పౌడర్, మూత బిగించి అరనిమిషం ఊపు. ఉండలు లేవని చూసుకున్నాక 50 నుంచి 60 మిల్లీలీటర్ల చల్లటి డికాక్షన్ పోసి మళ్ళీ రెండు ఊపులు. స్టీలు గ్లాసులో నాలుగు కాఫీ ఐసు ముక్కలు వేసి పైన పొయ్యి. షేకర్ లేకపోతే మిక్సీ వాడొచ్చు గానీ పది సెకన్లు మించొద్దు. వే ప్రొటీన్ తెగ నురగ పడుతుంది, నిమిషం తిప్పితే సగం గ్లాసు నురగే తాగాలి. ఆ గాలి కడుపులోకి పోయి ఉబ్బరం వస్తే పౌడర్‌ను తిట్టుకుంటారు.

నిజంగానే పాలు పడనివాళ్ళూ ఉంటారు. తాగిన గంటలో కడుపులో గుడగుడ, గ్యాస్ వస్తుంటే పాలలో సహజంగా ఉండే చక్కెర, అదే లాక్టోజ్, అరగడం లేదేమో చూసుకో. వే పౌడర్‌లో కాన్సన్‌ట్రేట్ అనే రకంలో లాక్టోజ్ కొంత ఉంటుంది, ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్ రకంలో బాగా తక్కువ. ముందు పాలు మాని నీళ్ళతో కలిపి రెండు రోజులు చూడు. తగ్గితే తప్పు పాలది.

ఒక్కోసారి అన్నీ చల్లగా ఉన్నా పాలు విరుగుతాయి. అప్పుడు డబ్బాను అనుమానించవద్దు. కాఫీ స్వతహాగా కొంచెం పులుపే. తాజా పాలు ఆ పులుపును తట్టుకుంటాయి. మే ఎండలో సప్తగిరి సర్కిల్ నుంచి ఇంటిదాకా బండి హ్యాండిల్‌కు వేలాడదీసి తెచ్చిన ప్యాకెట్ అప్పటికే పులుపు తిరగడం మొదలుపెట్టి ఉంటుంది, డికాక్షన్ పడగానే గీత దాటుతుంది. పాలు తెచ్చిన వెంటనే కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టినవే దీనికి వాడు.

లెక్క చూద్దాం. 200 మిల్లీలీటర్ల పాలలో ఆరున్నర గ్రాముల ప్రొటీన్. మంచి వే పౌడర్ అయితే 30 గ్రాముల స్కూపులో 22 నుంచి 24 గ్రాములు. గ్లాసు మొత్తం 30 గ్రాములు అనుకో. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే నీ 62 కిలోలకు 51 చిల్లర. బరువులెత్తేవాడివి కాబట్టి కిలోకు ఒకటిన్నర చొప్పున చూసుకున్నా 93. పప్పు, రెండు గుడ్లు, పెరుగు, వారానికి మూడు రోజులు కోడికూర తినే ఇంట్లో ఒక గ్లాసు చాలు. రోజుకు మూడు స్కూపులని ఎవరైనా చెబితే వాళ్ళు డబ్బాలు కూడా అమ్ముతారేమో కనుక్కో. అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పింది. నేను అంత కచ్చితంగా చెప్పను, తిండి కుదరని రోజు ఒక స్కూపు అక్కరకొస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరునడగకుండా ముట్టుకోకూడదు.

డబ్బా మీద రంగుల బొమ్మ చూడొద్దు, వెనక పట్టిక చూడు. స్కూపు ఎన్ని గ్రాములు, అందులో ప్రొటీన్ ఎన్ని గ్రాములు. 30కి 24 ఉంటే మంచిది. 30కి 10, 12 ఉంటే నువ్వు కొంటున్నది ఎక్కువగా చక్కెర, పిండి పదార్థం. ఆహార భద్రత లైసెన్సు సంఖ్య 14 అంకెలుంటుంది, అది లేని డబ్బా తాకొద్దు. సగం ధరకే ఇస్తున్నాడని నేనొకసారి ఒక కొట్టులో డబ్బా కొన్నాను. వేడి నీళ్ళు తగిలితే ముద్దలు కట్టాల్సింది గంజిలా సాగింది. అనుమానం వచ్చి చెంచాడు పొడి నీళ్ళలో కలిపి, మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేస్తే నల్లటి నీలం అయింది. పిండి కలిస్తే వచ్చే రంగు అది. ఆ నీళ్ళు పారబొయ్యి, తాగొద్దు.

డబ్బా అయిపోయినప్పటి సంగతి నాకు ఇష్టమైన భాగం. చెనక్కాయలు పండే జిల్లాలో ఉండి ప్రొటీన్ లేదని దిగులెందుకు? వంద గ్రాముల చెనక్కాయ పప్పుల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్. ఇరవై గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, సన్న సెగ మీద దోరగా వేయించి పొట్టు ఊది పారెయ్యి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు వాసన ఉన్నవి ముందే ఏరెయ్యి, బూజు పట్టినవాటిలో విషం చేరుతుంది. పచ్చివి వేస్తే పచ్చి వాసన కాఫీని చంపేస్తుంది, వేయించినవైతే కాఫీ చేదుకు తోడు పోతాయి. రెండూ వేగిన సరుకే కదా. మిక్సీలో ముందు పప్పుల్ని పొడి చేసి, తర్వాత చల్లటి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పు. పాలు లేకుండా ఎక్కువసేపు తిప్పితే నూనె తేలి చట్నీ ముద్ద అవుతుంది.

దానికి మూడు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి చేర్చు. పాలపొడి వంద గ్రాముల్లో 35 దాకా ప్రొటీన్ ఉంటుంది, ఇరవై గ్రాములకు ఏడు. ముందు కాసిని నీళ్ళతో జారుగా పేస్టు చేసి కలిపితే ఉండ కట్టదు. పాలలో ఆరున్నర, చెనక్కాయల్లో అయిదు, పాలపొడిలో ఏడు, మొత్తం పద్దెనిమిది గ్రాములు దాటింది. ఇంట్లోవాటితో ఇంతకంటే ఏం కావాలి? చెనక్కాయల్లో దాదాపు సగం నూనె ఉంటుందని మాత్రం మరవొద్దు, ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళు గుప్పెడు దాటకూడదు.

ఉగ్గానిలోకి చల్లుకునే పప్పుల పొడి కూడా పనికొస్తుంది, వేయించిన శనగపప్పుతో చేసింది, కారం, ఉప్పు కలపకముందు తీసి పెట్టుకోవాలి. నేనొకసారి చూసుకోకుండా వెల్లుల్లి కారం వేసిన డబ్బాలోది వేశాను, ఆ గ్లాసు తాగినవాడు మళ్ళీ కొట్టుకు రాలేదు. రెండు పెద్ద చెంచాలకు నాలుగు గ్రాముల ప్రొటీన్ వస్తుంది. సన్న జల్లెడ పట్టి వెయ్యి, కలిపిన వెంటనే తాగు. పావుగంట ఉంచితే చెంచా నిలబడేంత చిక్కబడుతుంది.

మీ అమ్మ సంగతి. తాగొచ్చు, కానీ మాత్రతో పాటు వద్దు. కాఫీలోని పదార్థాలు ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు, పాలలోని కాల్షియం కూడా అంతే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ టీలు వద్దని పోషకాహార సంస్థ కూడా చెప్పింది. ఐరన్ మాత్రకు, ఈ గ్లాసుకు రెండు గంటల దూరం ఉంచండి. మాత్ర నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. ఆమెకు స్కూపు అవసరం లేదు, పైన చెప్పిన చెనక్కాయలది ఇవ్వు, డికాక్షన్ సగం చెయ్యి. ప్రొటీన్ పౌడర్ అంటే ఏదో ఇంగ్లీషు మందు అని భయపడే అమ్మలకు పల్లీల కాఫీ అంటే టెన్షన్ ఉండదు.

నీకు కూడా ఒక మాట. ఏడింటి జిమ్ముకు ముందు ఇది తాగి రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తూ నిద్ర పట్టడం లేదనకు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, రోజుకు 300 దాటొద్దు అన్నది పోషకాహార సంస్థ మార్గదర్శకాల లెక్క. తాగిన అయిదారు గంటలకు కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి కాఫీ గ్లాసు పొద్దున టిఫిన్ వేళకు మార్చుకో. జిమ్ము నుంచి వచ్చాక స్కూపు కావాలంటే పాలలో వేసుకుని కాఫీ లేకుండా తాగు.

షేకర్ తాగిన వెంటనే కడుగు. ప్రొటీన్ పట్టిన సీసాను బ్యాగులో మూత పెట్టి మర్చిపోతే మన ఎండకు రెండు గంటల్లో కంపు పడుతుంది. అలా అయితే ముందు చల్లటి నీళ్ళతో కడుగు, వేడి నీళ్ళు మొదటే పోస్తే ప్రొటీన్ గోడలకు అతుక్కుపోతుంది. తర్వాత వంటసోడా రెండు చెంచాలు వేసి నీళ్ళు నింపి రాత్రంతా ఉంచు. మూతలోని రబ్బరు రింగు ఊడదీసి విడిగా తోము, వాసన అక్కడే దాక్కుంటుంది.